స్కూటీ నేర్చుకుంటున్నారా? ముందు ఆపడం నేర్చుకోండి

మా దగ్గర గేర్లు లేని బండి ఏ కంపెనీదైనా స్కూటీయే. యాక్టివా కొన్నవాళ్లూ "స్కూటీ తీసుకున్నం" అంటారు, జూపిటర్ కొన్నవాళ్లూ అదే మాటంటారు. నేనూ ఆ పేరుతోనే పోతాను.

నేను నేర్చుకున్నది ముప్పై ఆరేళ్లకు. హనుమకొండ నుంచి గూడెప్పాడు క్రాసు దాటి పరకాల వైపు ఒక ఊరి బడికి బదిలీ అయింది. పొద్దున బస్సు దొరికితే సాయంత్రం దొరకదు. "ఏమున్నదే, గేర్లు లేవు, క్లచ్ లేదు, రేసిస్తే పోతది" అని మా ఆయన ఒక ఆదివారం బండెక్కించాడు. నిజమే, పోయింది. పక్కింటోళ్ల తులసి గద్దె దాకా పోయింది. గద్దె అంచు పగిలింది, నా మోకాలూ పగిలింది. రేసిస్తే పోతుందన్న మనిషి ఎట్లా ఆగుతుందో చెప్పలేదు మరి. పదకొండేళ్లుగా అదే దారిలో తిరుగుతున్నాను. మా ఆడబిడ్డతో మొదలుపెట్టి తోటి టీచర్లు ఏడెనిమిది మందికి నేర్పాను. అందరికీ మొదటి రోజు ఒకటే చెప్తాను: కదలడానికి కావాల్సినవన్నీ బండే చూసుకుంటుంది, ఆపడం మీ పని.

తాళం తిప్పకముందు

మొదటి రోజు ఇంజిన్ ఆన్ చేయొద్దు. బండిని డబుల్ స్టాండు మీది నుంచి దించడం, మళ్లీ ఎక్కించడం, అంతే. వంద కిలోలు దాటిన బరువు అది. చేతుల బలంతో ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. బండికి ఎడమ పక్కన నిలబడండి. ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో సీటు వెనకాల కడ్డీ పట్టుకోండి. కుడి పాదంతో స్టాండును కిందికి నొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు ఆనాయా లేదా అని బండిని అటూ ఇటూ కొంచెం కదిపి చూడండి. ఆనాక ఒంటి బరువంతా ఆ పాదం మీద వేస్తే బండి దానంతటదే వెనక్కి జరిగి ఎక్కుతుంది. చేతులు దారి చూపిస్తాయి, ఎత్తేది పాదమే. నలభై ఐదు కిలోల మా ఆడబిడ్డ మూడో రోజుకే ఎక్కించింది.

తర్వాత బండి పక్కనే నడుస్తూ తోయండి. పది అడుగులు తోసి ఎడమ బ్రేకు పట్టండి, మళ్లీ పది అడుగులు, మళ్లీ బ్రేకు. ఎంత పడితే ఎంత ఆగుతుందో చేతికి తెలియాలి. ఆ తర్వాత సీటు మీద కూర్చుని, వెనక నుంచి ఎవరినైనా మెల్లగా తోయమనండి. బండి దొర్లుతుంటే పాదాలు లోపల పెట్టుకుని, బ్రేకు పట్టి, ఆగే క్షణంలో ఎడమ కాలు దించాలి. ఇదంతా ఇంజిన్ లేకుండానే. పిల్లలు నవ్వుతారు, నవ్వనీయండి.

ఇక్కడే బ్రేకుల సంగతి. ఎడమ చేతిది వెనక చక్రానికి, కుడి చేతిది ముందు చక్రానికి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు కాంబి బ్రేకు తప్పనిసరి చేశారు, అంటే ఎడమది పట్టినా ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. అంతకంటే పాత బండి కొంటే అది ఉండకపోవచ్చు. ముందు బ్రేకు పడితే ఎగిరి పడతారన్న భయం చాలామందిలో ఉంది, అందుకే కుడి లివరు ముట్టనే ముట్టరు. పొడి రోడ్డు మీద బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వచ్చి ఆ టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకని రెండూ కలిపి పట్టాలి, ఒక్కసారిగా గుంజకుండా నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. ఇసుక, బురద, వానకు తడిసిన రోడ్డు పెయింటు గీతల మీద మాత్రం లెక్క మారుతుంది, ఆ సంగతి కింద చెప్తాను.

కుడి గుప్పిట

తులసి గద్దె ఎందుకు పగిలిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. బండి కదలగానే భయమేసింది. భయమేస్తే మనిషి చేతికి ఏది దొరికితే అది గట్టిగా పట్టుకుంటాడు. నా చేతిలో ఉన్నది రేసు. గట్టిగా పట్టుకున్నకొద్దీ అది తిరిగింది, తిరిగినకొద్దీ బండి ఉరికింది, ఉరికినకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు గోడలకు, గేట్లకు కొట్టుకునేది ఎక్కువగా ఇందుకే. గేరు బండికి క్లచ్ ఉంటుంది, పట్టుకుంటే ఇంజిన్ చక్రాన్ని వదిలేస్తుంది. స్కూటీకి ఆ అవకాశం లేదు.

దీనికి మూడు అలవాట్లు. ఒకటి, కుడి మణికట్టు కిందికి ఉండేలా హ్యాండిల్ పట్టుకోండి, వేళ్ల కణుపులు పైకి చూడాలి. అట్లా పడితే రేసు ఎక్కువగా తిప్పడానికి చేతికి జాగా ఉండదు. మణికట్టు పైకి లేపి పట్టుకుంటే ఒక్క ఊపులో సగం తిరిగిపోతుంది. రెండు, రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు లివరు మీద ఉండాలి. మూడోది, బండి ఆన్‌లో ఉన్నప్పుడు కిందికి దిగి కుడి హ్యాండిల్ పట్టుకుని తోయడం, తిప్పడం చేయొద్దు. గేటు తీయడానికి దిగినా తాళం తిప్పి ఆపేయండి. ముందు నిలబెట్టుకున్న పిల్లవాడు ఆటగా రేసు తిప్పితే బండి వాడితోపాటే పోతుంది. ఆ చోట పిల్లలను నిలబెట్టొద్దనే చెప్తాను. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే నడిపేవాళ్లకు కట్టే బెల్టు, పిల్లలకు హెల్మెట్ ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటొద్దని 2022లో కేంద్రం నిబంధన కూడా తెచ్చింది.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. సైడ్ స్టాండు పైకి, ఎడమ బ్రేకు గట్టిగా, కుడి బొటనవేలితో సెల్ఫు. రేసు ముట్టొద్దు. ఇంజిన్ కుదురుగా తిరుగుతోందని విన్నాక బ్రేకు మెల్లగా వదులుతూ రేసు కొద్దికొద్దిగా. బండి కదలగానే రెండు పాదాలూ లోపలికి. కాళ్లు నేలకు గీరుతూ నడిపితే ధైర్యంగా అనిపిస్తుంది, కానీ చీలమండ వెనక చక్రం దగ్గర ఇరుక్కునేది అట్లాగే.

మా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దుగాల ఆరు గంటలకు పోతే నడకకు వచ్చినవాళ్లు ఒక వైపు, బండ్లు నేర్చుకునేవాళ్లు ఒక వైపు. మీ ఊళ్లో బడి గ్రౌండైనా చాలు. రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్య ముగ్గుతో గీత గీయండి. గంటకు ఇరవై వేగంతో వచ్చి ముందు చక్రం సరిగ్గా గీత మీద ఆగాలి. గీత దాటితే మళ్లీ. ఇరవైకి కుదిరాక ముప్పైకి. మొదట అందరూ గీతకు దూరంగానే ఆపేస్తారు, లేదంటే రెండు మీటర్లు దాటిపోతారు. రోజుకు పాతిక సార్లు చొప్పున వారం చేస్తే వేళ్లకు లెక్క తెలిసిపోతుంది. ముప్పై వేగానికి పట్టే దూరానికి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు అరవైకి పడుతుంది. ఇది గ్రౌండులో ఒకసారి ఇటుకలు జరిపి చూస్తే పుస్తకంలో చదివినదానికంటే బాగా నమ్ముతారు.

ఆ తర్వాత ఎనిమిది అంకె వేయండి. మెల్లగా తిరిగేటప్పుడు రేసు పూర్తిగా వదిలేస్తే బండి కూలబడినట్టు అవుతుంది. స్కూటీ క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకుంటుంది, వదిలేస్తుంది. రేసు తగ్గితే చక్రానికీ ఇంజిన్‌కూ సంబంధం తెగుతుంది. అందుకే మలుపులో కొంచెం రేసు ఉంచి, ఎడమ బ్రేకు వెంట్రుకంత పట్టి తిప్పాలి. దిగుడులో కూడా ఇదే సంగతి, మెల్లగా దిగేటప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపదు, భారమంతా బ్రేకుదే.

తలకు, ఒంటికి

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె ఉన్న హెల్మెట్ కొనండి. రోడ్డు పక్కన పరదా వేసి అమ్మే టోపీ లాంటివి పోలీసు చెయ్యెత్తకుండా చూసేందుకే. పెట్టుకుని తల అడ్డంగా ఊపితే హెల్మెట్ తలతోపాటే తిరగాలి, అది ఒక్కటే తిరిగితే పెద్దదైనట్టు. ఆడవాళ్లకు ఒక ఇబ్బంది ఎవరూ చెప్పరు: సిగ. కొప్పు నడినెత్తికి దగ్గరగా ఉంటే హెల్మెట్ ముందుకు వాలి కళ్ల మీదికి వస్తుంది, అది విసుగొచ్చి పెట్టుకోవడమే మానేస్తారు. జడను మెడ దగ్గర కిందికి కట్టుకోండి. బెల్టు క్లిక్కుమనాలి, గదవ కింద రెండు వేళ్లు పట్టేంత వదులు చాలు. ఒకసారి గట్టిగా కింద పడ్డ హెల్మెట్‌ను పైకి బాగున్నా మార్చేయాలి. వెనక కూర్చున్నవాళ్లకూ కావాలి, వాళ్ల తల కూడా తలే.

చున్నీని నడుముకు చుట్టి ముడేయండి. చీర కొంగు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి, వెనక కూర్చునే అమ్మలకైతే చీర గార్డు ఉన్న వైపే కూర్చోమని చెప్పండి. చక్రంలో చిక్కిన గుడ్డ మనిషిని కిందికి లాగేస్తుంది, బండి ఆపేలోపే అయిపోతుంది.

మన రోడ్ల మీద

ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు, అక్టోబరు చివర నుంచి వానాకాలం వడ్లు, వాటి ముందో వెనకో మక్కలు. కల్లాలు చాలక రైతులు సగం రోడ్డు ఆరబోస్తారు. తప్పా ఒప్పా అన్నది వేరే ముచ్చట. రేపు పొద్దున మీరు ఆ రోడ్డు మీదే పోవాలి. పగలు ఆ పసుపు రంగు దూరం నుంచే కనబడుతుంది. అప్పుడే వేగం తగ్గించి, ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసుకుని, ఖాళీ ఉన్న వైపు నుంచి పోండి. రాత్రి గండం. కుప్ప మీద నల్ల పరదా, దాని అంచులకు లావు లావు రాళ్లు. రైతు పొద్దున వడ్లు ఎత్తుకుపోతాడు, ఒకటి రెండు రాళ్లు అట్లాగే రోడ్డు మీద ఉండిపోతాయి. చీకటి పడ్డాక ఊరి రోడ్డు మీద నలభై దాటొద్దు. మీ లైటు వెలుగు పడే దూరంలోపే ఆగగలగాలి, అదే లెక్క.

తప్పక గింజల మీది నుంచే పోవాల్సి వస్తే: గింజలు రాకముందే బ్రేకు పట్టి వేగం తగ్గించండి, గింజల మీదికి వచ్చాక బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. హ్యాండిల్ నేరుగా, రేసు ఉన్నంతే, బండిని దొర్లనివ్వండి. నాకు ఇది మక్కలు నేర్పాయి. బడి నుంచి వస్తుంటే ఎదురుగా గొర్రెల మంద, ఇరవై వేగం కూడా లేదు, మక్కల మీదికి జరిగి అలవాటుగా కుడి బ్రేకు పట్టాను. ముందు చక్రం గోలీల మీద పెట్టినట్టు పక్కకు పోయింది. ఆరబోసిన అవ్వ ఉరికొచ్చి "దెబ్బ తాకిందా బిడ్డా" అని లేపింది, కూర్చోబెట్టి నీళ్లిచ్చింది, తర్వాత నా బండి కింద చెదిరిన మక్కలను చీపురుతో దగ్గరికి ఊడ్చుకుంది. తప్పెవరిదని ఇద్దరమూ అడగలేదు.

వానాకాలం నాట్లప్పుడు ఇనుప చక్రాల ట్రాక్టరు పొలంలో నుంచి రోడ్డెక్కిన చోట బురద చారలుంటాయి. ఎండితే దుమ్ము, చినుకు పడితే సబ్బు. అక్కడా అదే పద్ధతి.

స్కూటీ చక్రం చిన్నది, చాలా బండ్లకు పది లేదా పన్నెండు అంగుళాలే. మోటారు సైకిలుకు పదిహేడు, పద్దెనిమిది. వాళ్లు దాటిపోయే గుంతలో మనం దిగిపోతాం. గుంత తప్పకపోతే ముందే బ్రేకు పట్టి, గుంతలో పడే క్షణానికి వదిలేసి, సీటు మీది నుంచి కొంచెం లేవండి. బ్రేకు బిగించి గుంతలో దిగితే హ్యాండిల్ చేతిలోంచి జారుతుంది.

ములుగు రోడ్డు మీద గోదావరి ఇసుక లారీలు. లారీ పక్క నుంచి దాటిపోయేటప్పుడు గాలి మొదట నెట్టి, తర్వాత లోపలికి గుంజినట్టు అవుతుంది. బిగుసుకుపోకుండా చేతులు వదులుగా, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని నేరుగా పోండి. లారీ ఎడమ ముందు చక్రం పక్కన ఎప్పుడూ ఉండొద్దు, డ్రైవరుకు మీరు కనబడరు. అతని అద్దంలో అతని ముఖం మీకు కనబడితేనే మీరు అతనికి కనబడుతున్నట్టు. మేడారం జాతర రోజుల్లో ఆ రోడ్డు మీద స్కూటీ తీయకుండా బస్సెక్కడమే నా పద్ధతి.

ఇంకొకటి, బియ్యం బస్తా. పాదాలు పెట్టే చోట పాతిక కిలోల సంచి పెట్టుకుని కాళ్లు బయటికి చాపి నడపడం మా ఊళ్లో రోజూ చూస్తాను. హ్యాండిల్ మోకాలికో సంచికో తగిలి పూర్తిగా తిరగదు. గ్యాసు సిలిండరైతే నిండుది ముప్పై కిలోల దగ్గర, గుండ్రంగా దొర్లుతుంది. ఆటోకు ఇచ్చే డబ్బులు దవాఖానకు ఇచ్చేవాటికంటే తక్కువ.

ఆదివారం పావుగంట

ఇంజిన్ పాడైతే బండి ఆగిపోతుంది, అదొక రకంగా మంచిదే. టైరు, బ్రేకు పాడైతే బండి ఆగదు. అందుకని ఆ రెండూ మీ చేతులతో మీరే చూసుకోండి.

గాలి: వారానికొకసారి, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎంత ఉండాలో బండి మీది స్టిక్కరు మీద, బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. నా బండికి నేనొక్కదాన్నే అయితే ముందు 22, వెనక 29, వెనక మనిషుంటే వెనక 36. పంక్చరు షాపులో అడగకపోతే ముందూ వెనకా ఒకే తీరుగా నలభై కొట్టేస్తారు, "గట్టిగుంటే మైలేజీ వస్తది మేడం" అంటారు. మైలేజీ సంగతేమో గానీ గట్టి టైరు రోడ్డును తక్కువగా పట్టుకుంటుంది, తడిలో జారుతుంది. అంకె మీరే చెప్పండి. ఎండాకాలం మధ్యాహ్నం చూస్తే గాలి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి తీసేయొద్దు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2323 అంటే 2023లో ఇరవై మూడో వారం తయారీ. కొత్త టైరు అని పాత సరుకు అంటగడుతున్నారేమో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. గాడుల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే మార్చాలి. మేకు దిగినట్టు కనబడితే పీకొద్దు. ట్యూబ్‌లెస్ టైరైతే మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, అట్లాగే నిదానంగా షాపు దాకా పోవచ్చు.

బ్రేకు: లివరు కొంచెం ఖాళీగా కదిలి తర్వాత పట్టుకోవాలి. ఆ ఖాళీ కదలిక చివర దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్లు. లివరు హ్యాండిల్‌కు ఆనే దాకా వస్తే డ్రమ్ బ్రేకు వదులైనట్టు. వెనక చక్రం దగ్గర వంగండి. బ్రేకు తీగ చివర మరలున్న కడ్డీ, దాని మీద నట్టు కనబడుతుంది. డబుల్ స్టాండు వేసి ఆ నట్టును కుడి వైపుకు సగం చుట్టు తిప్పండి. నట్టుకు ఒక పక్క వంపు గాడి ఉంటుంది, అది అడ్డంగా ఉన్న గుండ్రటి పిన్ను మీద కూర్చోవాలి. కూర్చున్నప్పుడు వేలికి "టక్" మని తెలుస్తుంది. గాడి పిన్ను మీద కూర్చోకుండా వాలుగా వదిలేస్తే పది కిలోమీటర్లకే మళ్లీ వదులవుతుంది. సగం చుట్టు, లివరు పట్టి చూడు, మళ్లీ సగం. చివరన చక్రాన్ని చేత్తో తిప్పండి, స్వేచ్ఛగా తిరగాలి. గీరిన చప్పుడొస్తే ఎక్కువ బిగించారు. అదే చోట డ్రమ్ మీద ఒక చిన్న గుర్తు, బ్రేకు చేయి మీద ఇంకో గుర్తు ఉంటాయి. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు రెండూ కలిశాయంటే ఇక బిగించడం పనిచేయదు, బ్రేకు షూలు మార్చాల్సిందే. కాంబి బ్రేకు బండికి ముందు వెనక రెండూ లెక్కగా ఉండాలి కాబట్టి మొదటిసారి మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. ముందు డిస్కు ఉంటే మీరు చేసేది బిగింపు కాదు, డబ్బాలో ద్రవం కనీస గీత కంటే పైన ఉందో లేదో చూడడమే.

ఆఖరుకు గోడకు దగ్గరగా బండి పెట్టి ఒక్కో బ్రేకు విడివిడిగా పట్టి చూడండి, వెనక ఎర్ర లైటు వెలుతురు గోడ మీద పడాలి. రెండు లివర్లకూ వెలగాలి. ఇది చాలామంది చూసుకోరు, వెనక వచ్చేవాళ్లు మాత్రం దాన్నే చూస్తారు.

నూనెలు, బెల్టు, మెకానిక్

ఇంజిన్ ఆయిల్ చాలా స్కూటీల్లో లీటరు కూడా పట్టదు. అంత కొంచెం నూనె తగ్గితే, నల్లబడితే ఇంజిన్ మీద తొందరగా తెలుస్తుంది. నెలకోసారి డబుల్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, గీటు కడ్డీ (ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్) తీసి గుడ్డతో తుడిచి, మర బిగించకుండా ఊరికే ముంచి తీయండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే బలమని కొందరు నింపేస్తారు, అదీ చేటే. స్కూటీ ఆయిల్ డబ్బా మీద సాధారణంగా ఎంబీ అన్న గుర్తు ఉంటుంది. మోటారు సైకిలు ఆయిల్ వేరు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకం చెప్తుంది. పత్తి లారీలు, మట్టి రోడ్ల దుమ్ములో తిరుగుతాను కాబట్టి నేను దానికంటే ముందే మార్పిస్తాను.

వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ అని ఇంకొకటుంది, వంద మిల్లీలీటర్ల పైచిలుకు. దీన్ని అందరూ మరచిపోతారు, మెకానిక్ కూడా. ఒక సర్వీసు సెంటరు వాళ్లు నాకిచ్చిన బిల్లులో గేర్ ఆయిల్ మార్చినట్టు రాసి డబ్బులు కట్టించుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే ఆ బోల్టు మీద ఎప్పటిదో బురద పొక్కు కూడా లేవకుండా ఎండిపోయి ఉంది. అప్పటి నుంచి సర్వీసుకు ఇచ్చే ముందు ఇంజిన్ ఆయిల్ బోల్టు, గేర్ ఆయిల్ బోల్టు రెండింటి మీదా గోళ్ల రంగు చుక్క పెడతాను, బోల్టుకూ పక్క ఇనుముకూ కలిపి ఒక గీతలా. విప్పితే గీత తెగుతుంది. ఎవరితోనూ వాదించాల్సిన పని లేదు. మార్చిన పాత సామాను ఇంటికి తెచ్చుకోండి, అది మీదే.

బెల్టు ఎడమ వైపు పెట్టెలో ఉంటుంది, పైకి కనబడదు. చాలా బండ్లకు ఇరవై, పాతిక వేల కిలోమీటర్ల దగ్గర మార్చమంటారు. రేసిస్తే చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే, కదిలేటప్పుడు బండి వణికితే బెల్టో క్లచ్చో చూపించండి. ఎయిర్ ఫిల్టరులో కాగితానికి జిడ్డు పూత ఉన్న రకమైతే గాలి కొట్టి శుభ్రం చేయకూడదు, మార్చడమే. స్పాంజి రకమే కడగదగ్గది.

పెట్రోలు ముల్లు ఎర్రకు వచ్చేదాకా ఆగొద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో ట్యాంకు లోపలి పంపు ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది. ఎండాకాలం ఫుల్లు కొట్టిస్తే పేలుతుందన్నది వట్టి పుకారు. నాజిల్ దానంతటదే కట్ అయ్యాక మూతి దాకా పోయించుకోవద్దు, అంతే.

స్టార్ట్ కాకపోతే వరుసగా చూడండి. సైడ్ స్టాండు దించి ఉందా, ఆపే స్విచ్చు ఉంటే అది నొక్కి ఉందా, పెట్రోలు ఉందా, హారన్ గట్టిగా మోగుతోందా. హారన్ నీరసంగా ఉంటే బ్యాటరీ. సెల్ఫు ఐదు సెకన్లకు మించి నొక్కి ఉంచొద్దు, పది సెకన్లు ఆగి మళ్లీ. వేసవి సెలవుల్లో బండి మూలన పెడితే వారానికోసారి పదిహేను నిమిషాలు తిప్పి రండి, నిలబెట్టి రెండు నిమిషాలు ఆన్ చేస్తే బ్యాటరీకి వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ.

కాగితాలు ఒక్క ముక్కలో: లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్. అన్నీ ఫోనులో డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి ఐదేళ్లకు కట్టించుకుంటున్నారు. ఆ ఐదేళ్లు ఎప్పుడు అయిపోయాయో చాలామందికి గుర్తుండదు, ఇప్పుడే తీసి చూడండి.

నీళ్లు

2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఎంత నీళ్లొచ్చాయో మా ఊరివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పెద్ద వాన పడితే స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి కూడా అంతే. నీళ్లు పాదాలు పెట్టే చోటును అందుకునేలా ఉంటే బండి దించొద్దు. వాగు మీద లోతట్టు వంతెన మీది నుంచి నీళ్లు పారుతుంటే మోకాలి లోతైనా సరే దిగొద్దు, చిన్న చక్రాల బండిని పక్కకు నెట్టడానికి అంత కూడా అక్కర్లేదు. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫు కొట్టొద్దు. సిలిండరులోకి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క నొక్కుతో ఇంజిన్ లోపలి కడ్డీ వంగిపోవచ్చు. బయటికి తోసుకొచ్చి గీటు కడ్డీ తీయండి, ఆయిల్ పాల చాయ్ రంగులో ఉంటే మెకానిక్ దగ్గరికి తోసుకుపోవాల్సిందే. తక్కువ నీళ్లు దాటి వచ్చినా డ్రమ్ముల్లో తడి ఉంటుంది, రోడ్డెక్కాక మెల్లగా పోతూ నాలుగైదు సార్లు బ్రేకులు మెత్తగా పట్టి ఆరనివ్వండి. మొదటిసారి పడితే అసలు పట్టనట్టే ఉంటుంది, గాభరా పడొద్దు.

దసరాకు బండ్లు కడిగేటప్పుడు కూడా ఇదే తడి. వాటర్ సర్వీసింగులో ప్రెషరు గొట్టాన్ని చక్రాల మధ్య భాగానికి, సైలెన్సరు గొట్టం మూతికి, హ్యాండిల్ మీది స్విచ్చులకు కొట్టనీయొద్దు. టైర్లకు మెరుపు నూనె పూస్తామంటే పక్కలకు మాత్రమే అనండి, రోడ్డుకు ఆనే చోట పూస్తే మొదటి మలుపులోనే జారుతుంది. బ్రేకు లివర్ల మీది పసుపు, నూనె తుడవండి. చక్రం కింద నిమ్మకాయ తొక్కించే ముందు బంతిపూల దండ విప్పండి. పోయినేడు మా వాడకట్టులో ఒకాయన దండ తెగి ముందు చక్రంలో చుట్టుకుంది, గేటు దాటకముందే.